షుగరు సోకిన నాగులపేట

నాగులపేట మెయిన్‌రోడ్డు మీద మజ్జి సన్యాసి అని ఒక మిఠాయి కొట్టాయన ఉండేవాడు. పేరుకే సన్యాసి. కొట్లోంచి ముందు ఆయన పొట్ట వచ్చేది, వీధిలో ఎవరెవరున్నారో చూసుకునేది, ఆ తర్వాత తీరిగ్గా ఆయన వచ్చేవాడు. వానొస్తే ఆ పొట్ట కింద రెండు కుక్కపిల్లలు తడవకుండా నిలబడతాయని పేట జనం చెప్పుకునేవారు.

"రెండేటి, అబద్ధాలు. ఒక్కటే పడతాది," అని సన్యాసే సరిదిద్దేవాడు.

ఆయన కొట్లో అన్నీ దొరికేవి గానీ పేరు మాత్రం బెల్లం జీళ్ళది. జీడి చేయడం మాటలు కాదు. బెల్లం పాకం ముదరబెట్టి, రాటకు కొట్టిన మేకుకి ఆ ముద్దను తగిలించి, వెనక్కి వాలి ఒళ్ళంతా బరువు పెట్టి లాగాలి. లాగింది మడిచి మళ్ళీ తగిలించాలి, మళ్ళీ లాగాలి. నల్లటి పాకం లాగగా లాగగా బంగారపు రంగుకొస్తుంది. సన్యాసి తాత అలా లాగాడు, తండ్రి అలా లాగాడు. తండ్రి రాట దగ్గరుంటే అందులో ఏది జీడో ఏది మనిషో దూరం నుంచి ఆనవాలు పట్టడం కష్టమయ్యేదట. అంత సన్నం.

సన్యాసి మాత్రం తెలివైనవాడు. జీడి లాగే మిషను కొన్నాడు. రెండు స్టీలు చేతులు గిరగిరా తిరిగి పాకాన్ని లాగేవి. సన్యాసి పక్కన స్టూలేసుకుని కూర్చునేవాడు. అయితే ఊరికే కూర్చుంటే పనిదొంగ అంటారు కదా, అందుకని ప్రతి వాయి నుంచీ ఒక ముక్క తుంచి రుచి చూసేవాడు. అనుమానం ఉంటే రెండో ముక్క. సన్యాసికి అనుమానాలు ఎక్కువ.

ఏటా అసిరితల్లి జాతరకు తొలి జీడి మజ్జివారి చేతి మీదుగానే అమ్మవారికి వెళ్ళాలి. జాతర ముందురోజైన తొలేళ్ళకి గుడి ఎదుట మజ్జివారి రాట పాతాలి. అది పాతకపోతే ఆ జాగా పోయినట్టే. ఒక నూడుల్స్ బండివాడు ఆ జాగా మీద కన్నేసి, ఏడాదికోసారి వచ్చి సన్యాసి ఆరోగ్యం ఎలా ఉందని చాలా ఆప్యాయంగా అడిగి వెళ్తుండేవాడు.

ఆ ఏడాది జాతరకు ఇంకా కొంత గడువుండగా పైనుంచి మున్సిపాలిటీకి ఒక హుకుం దిగింది. బీపీ, షుగరు, గుండెజబ్బు లాంటి జీవనశైలి వ్యాధులు పెచ్చుమీరిపోయాయి గనక పట్టణం నుంచి వాటిని తరిమికొట్టమని.

కమిషనర్ చక్రధర్ గారు వెంటనే సమీక్షా సమావేశం పెట్టారు. సమావేశానికి లడ్డూలు, పకోడీలు సన్యాసి కొట్టు నుంచే వెళ్ళాయి. ప్లేట్లు సర్దుతూ ఆయన కూడా ఓ మూల నిలబడ్డాడు. పొద్దున మొదలైన సమావేశం ఎండ నెత్తికెక్కేదాకా సాగింది. ఒక్కరు కూడా కుర్చీలోంచి కదల్లేదు. చక్కెర దండిగా పోసిన టీలు మాత్రం అటూ ఇటూ కదిలాయి.

"ఈ మహమ్మారిని ఎదుర్కోవడానికి మన వద్ద ఉన్న యంత్రాంగం ఏమిటి?" అన్నారు కమిషనర్ గారు లడ్డూ చిదుపుతూ.

శానిటరీ ఇన్‌స్పెక్టర్ జోగారావు లేచి నిలబడ్డాడు. "మొన్నటి అంటురోగం టైములో కొన్నవి అలాగే ఉన్నాయి సార్. ఇళ్ళకి కట్టే తాళ్ళున్నాయి. గోడలకి కొట్టే ఎర్రరంగుంది. పొగమిషనుంది, మైకు ఆటో ఉంది."

"భేష్. తక్షణమే రంగంలోకి దించండి."

ఆరోగ్యశాఖ నుంచి వచ్చిన సరోజిని సిస్టరు మెల్లగా చెయ్యెత్తింది. "సార్, ఇవి అంటురోగాలు కాదండి. ఉప్పు, తీపి, నూనె ఎక్కువ తినడం, సిగరెట్టు, మందు, కదలకుండా కూర్చోవడం, వీటివల్ల వస్తాయండి."

కమిషనర్ గారు నొచ్చుకున్నారు. "అంటురోగం కాదని నాకు తెలీదా అమ్మా? ప్రశ్న అది కాదు. అంటురోగాలకు సంబంధించిన యంత్రాంగం మన వద్ద సర్వసన్నద్ధంగా ఉంది. అంటని రోగాలకు ఏముంది?"

"నడక ఉందండి. కూరగాయలున్నాయి."

"నడకను జీపులో ఎక్కించి పంపగలమా? వంకాయకి బాధ్యతలు అప్పగించగలమా? యంత్రాంగం అంటే అది కాదమ్మా. ఉన్న యంత్రాంగాన్ని వ్యాధికోసం మార్చుకుంటూ పోతే పరిపాలన సాగదు. వ్యాధే యంత్రాంగానికి అనుగుణంగా నడుచుకోవాలి."

అందరూ బల్లలు చరిచారు. ఆ చప్పుడుకి పకోడీలు ఎగిరి మళ్ళీ ప్లేట్లలో పడ్డాయి.

శుభారంభంగా అక్కడికక్కడే ఎవరికైనా షుగరు పరీక్ష చేయాలన్నారు. గదిలో ఉన్నవాళ్ళందరి చూపూ తిరిగి తిరిగి ఒకేచోట ఆగింది. ఆగక ఏం చేస్తుంది, అక్కడ అంత అడ్డంగా ఉంటే.

"నాదా?" అని సన్యాసి నవ్వుతూ వేలు చాపాడు. "పొడు సిస్టరమ్మా. రకతం రాదు, పాకం వస్తాది."

సిస్టరు వేలు పొడిచి, రక్తపుచుక్కని షుగరు చూసే మిషనుకి అంటించింది. మిషను చూసింది. మిషన్ని చీరచెంగుతో తుడిచి మళ్ళీ చూసింది.

"సన్యాసన్నా, రేపు పరగడుపున ఆస్పత్రికి రా. మళ్ళీ చూసి, డాక్టరుగారి చేత మాత్రలు రాయిద్దాం," అంది.

"రేపు రావడానికి వీల్లేదు," అన్నాడు జోగారావు. "పాజిటివ్ కేసు వీధిలో తిరక్కూడదు."

సన్యాసి ఇంటికి వెళ్ళేలోపే జీపు వెళ్ళింది. కొట్టుకీ, దాని వెనకున్న ఇంటికీ కలిపి ఎర్రతాడు చుట్టేశారు. గోడ మీద ఎర్రరంగుతో పెద్ద గీటు కొట్టారు. మైకు ఆటో వీధి మొదట్లో నిలబడి, "పట్టణ ప్రజలారా, ఈ కొట్లో షుగరు ఉన్నట్టు నిర్ధారణ అయినది. దూరం పాటించండి," అని మొదలుపెట్టింది.

ఎదురింటి దర్జీ గవరయ్య కుట్టుమిషను ఆపి బయటికొచ్చాడు. "మిఠాయి కొట్లో షుగరుండక ఉప్పుంటాదేటిరా?" అన్నాడు.

సన్యాసి పెళ్ళాం పైడమ్మ గుమ్మంలో నిలబడి మొగుణ్ణి కిందనుంచి పైదాకా చూసింది. కాసేపు పట్టింది. "మొన్ననే సెప్పినాను మావా, ఆ స్టూలు మీంచి లెగమని. నువ్వు లెగలేదు, గవర్మెంటోలు లేపినారు."

మర్నాడు జోగారావు వచ్చి తాడుకి అవతల కుర్చీ వేసుకున్నాడు. ముక్కుకి గుడ్డ కట్టుకున్నాడు.

"విచారణకు సహకరించాలి. ఈ వ్యాధి నీకు ఎవరి నుంచి సంక్రమించింది?"

"ఎవుల్నుంచీ కాదు బాబూ. మా అయ్యకీ లేదు, తాతకీ లేదు. ఈ జీడిమిషను కొన్న కాడ్నుంచీ కూకున్నాను. కూకున్న కాడ్నుంచీ పొట్టొచ్చింది. పొట్టతోటి ఇదొచ్చింది. దోషమేదన్నా ఉంటే ఆ మిషందే."

సన్యాసి తన మీద తాను జోకేసుకున్నాడు. జోగారావు నవ్వలేదు. లేచి, "వ్యాధి మూలం దొరికింది," అని జీపు వైపు చెయ్యూపాడు. నలుగురు మనుషులు గౌన్లు తొడుక్కొచ్చి, జీడిమిషనుకి ముందు మందు చల్లి, మూతికి గుడ్డ కట్టి, మున్సిపల్ షెడ్డుకి పట్టుకుపోయారు.

"ఇంక నీ చేతి మిఠాయి ఎవరెవరు తిన్నారో చెప్పు," అన్నాడు జోగారావు.

"పేటంతా తిన్నాది బాబూ. నిన్న మీటింగులో తమరూ తిన్నారు గదా, లడ్డూ మీద లడ్డూ."

జోగారావు కుర్చీ కాస్త వెనక్కి జరిగింది. "విధి నిర్వహణలో తిన్నది తిన్నట్టు కాదు."

"సరే బాబూ. మరి నన్నెప్పుడు ఒదుల్తారు?"

"వరసగా రెండుసార్లు నెగెటివ్ రావాలి. షుగరు పూర్తిగా పోవాలి."

"అది పోదటండి. మందేసుకుని ఒళ్ళొంచితే అదుపులో ఉంటాదని సిస్టరమ్మ సెప్పినాది."

"పోకపోతే తాడూ పోదు."

సన్యాసి నవ్వు అక్కడ ఆగింది. "బాబూ, తొలేళ్ళకి నా రాట పాతాలి. ఈయేడు పాతకపోతే అమ్మోరికి తొలి జీడుండదు. జాగా నూడుల్సోడు పట్టుకుపోతాడు. మా తాత పాతిన రాట."

"రూల్సులో తాతల ప్రస్తావన లేదు," అని జోగారావు కుర్చీ మడిచేశాడు.

ఇంక నాగులపేట సంబరం చూడాలి. సన్యాసి మిఠాయి తిన్నవాళ్ళందరికీ పరీక్షలు చేశారు. షుగరున్న ఇంటికి ఎర్రతాడు, బీపీ ఉన్న ఇంటికి పసుపుతాడు, గుండెజబ్బున్న ఇంటికి నీలంతాడు కట్టారు. పైనుంచి చూసిన కాకులు ఎవరింట్లోనో పెళ్ళనుకుని గుంపులుగా దిగాయి. దర్జీ గవరయ్యకి షుగరూ బీపీ రెండూ బయటపడ్డాయి. ఆయన ఇంటికి రెండు తాళ్ళూ అడ్డంగా నిలువుగా బిగించేసరికి, అది రైల్లో వేయాల్సిన పార్సెల్లా తయారైంది.

పక్కవీధిలో ఒకాయనకి బీపీ, ఆయన భార్యకి షుగరు. ఒకే ఇంట్లో రెండు రంగుల జోన్లుండటం నిబంధనలకు విరుద్ధమని నట్టింట్లో తాడు కట్టారు. ఇద్దరికీ మాటల్లేకుండా పోయాయి. వారం తిరక్కుండా ఆయన బీపీ దిగిపోయింది. కమిషనర్ గారు దాన్ని విజయగాథగా పైకి పంపారు.

కాలేజీ గ్రౌండులో పొద్దున్నే నడిచేవాళ్ళని పట్టుకున్నారు. "లక్షణాలున్నవారు ఊరంతా తిరుగుతూ వ్యాధిని వ్యాపింపజేస్తున్నట్టు మా దృష్టికి వచ్చింది," అని మైకులో చెప్పి, నడకను నిషేధించారు. పరిగెత్తినవాళ్ళకి మరీ పెద్ద శిక్ష, ఎందుకంటే వాళ్ళు వ్యాధిని తొందరగా వ్యాపింపజేస్తారు. కూరగాయల సంతలో జనం మూగుతున్నారని సంత మూసేశారు. సిగరెట్ల బడ్డీ మాత్రం తెరిచే ఉంచారు. అక్కడ జనం ఒకరి మొహం మీద ఒకరు వదులుకునే పొగ వల్ల మున్సిపాలిటీకి పొగమిషను శ్రమ తగ్గుతోందట.

పొగమిషను వీధివీధీ తిరిగింది. దోమలు దగ్గుకుంటూ పక్క ఊరికి వలసపోయాయి. షుగరు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

తాళ్ళల్లో ఉన్నవాళ్ళు ఆకలితో ఉండకూడదు కదా. ప్రతి ఇంటికీ పోషకాహార సంచి పంపారు. అందులో బిస్కెట్లు, కూల్‌డ్రింకు, అప్పడాలు, ఆవకాయ, పక్క ఊరి కొట్టు నుంచి తెప్పించిన మైసూర్‌పాకు ఉన్నాయి. సన్యాసికి మైసూర్‌పాకు చూడగానే రోషం వచ్చింది. తను బతికుండగా ఈ ఊరికి బయటి మిఠాయా? ఒక ముక్క కొరికాడు.

"పాకం ముదిరిపోనాది," అన్నాడు. నమ్మకం కుదరక ఇంకో ముక్క కొరికాడు. "ఔను, ముదిరిపోనాది." అలా సంచి అడుగుదాకా విచారించి, మొత్తం పాకం ముదిరిందనే తేల్చాడు.

ఆ మర్నాడు పరీక్షిస్తే ఊళ్ళో అందరి షుగర్లూ, బీపీలూ కలిసికట్టుగా పైకి లేచాయి. కమిషనర్ గారు గంభీరంగా తల పంకించి, "రెండో కెరటం మొదలైంది," అన్నారు. సంచులు రెట్టింపు చేయమన్నారు.

జాతర దగ్గరపడింది. డప్పులు సాధన చేస్తున్న చప్పుడు గాలికి తాడు దాటి వచ్చేది. డప్పుని ఆపే తాడు మున్సిపాలిటీ దగ్గర లేదు. నూడుల్స్ బండివాడు తాడు అవతల నిలబడి, "ఆరోగ్యమెలాగున్నాదన్నా?" అని అడిగి వెళ్ళాడు. ఈసారి ఏడాది ఆగలేదు.

ఆ పూట సన్యాసి అన్నం సరిగా తినలేదు. అంటే రెండోసారి పెట్టించుకోలేదన్నమాట. పైడమ్మ అది చూసింది. పెరట్లో మూలపడి ఉన్న తాతగారి రాటని గునపంతో పెళ్ళగించి, దొడ్లో గొయ్యి తీసి పాతింది.

"మిషను లేదు గదే. ఎలాగ లాగీది?" అన్నాడు సన్యాసి.

"సేతులు షెడ్డులో పెట్టినారేటి? ఒదిలిన్నాడు ఒదుల్తారు. ఈలోపు నువ్వు లాగడం మర్సిపోకు."

పాకం కాచింది. సన్యాసి పంచె ఎగ్గట్టి, ముద్దను మేకుకి తగిలించి, తండ్రిని తలుచుకుని వెనక్కి వాలాడు. జీడి కదల్లేదు. ఇంకా వాలాడు. జీడి కాస్త ఆలోచించి, ఆయన్నే తనవైపు లాక్కుంది. ముక్కు వెళ్ళి రాటకి తగిలింది. ఆయాసంతో కూలబడ్డాడు.

"జీడి నిన్ను లాగుతున్నాది మావా," అంది పైడమ్మ నీళ్ళచెంబు అందిస్తూ.

గోడ మీంచి గవరయ్య తల పెట్టాడు. "సన్యాసీ, ఇందాక భూకంపం వచ్చినాదేటి?"

"నానే పడ్డాను."

"అదే అడుగుతున్నాను."

రోజూ లాగాడు. మొదట్లో రెండు లాగులు, ఒక విశ్రాంతి. సిస్టరు మాత్రల పొట్లం తాడు మీంచి విసిరి, డాక్టరు చెప్పినట్టు వేసుకొమ్మని, ఆయాసమొస్తే ఆగమని కేకేసి వెళ్ళేది. రుచి చూడబోతే పైడమ్మ గరిటె లాక్కునేది. "లాగీది నువ్వు. నాలిక నాది," అని ఒప్పందం. సంచుల్లో వచ్చిన మైసూర్‌పాకు ఆవిడ కుండలో వేసి మూతకట్టి అటక మీదకి ఎక్కించింది. నిచ్చెనెక్కేటంత సన్నబడ్డాక తినొచ్చంది. నిచ్చెనకి మాత్రం ఆ మాట నచ్చినట్టు లేదు, సన్యాసి దగ్గరికి వస్తేనే మూలిగేది.

నడక నిషేధం గానీ, ఇంట్లో జీడి లాగడం గురించి హుకుంలో ఏమీ లేదు. ఆ సంగతి కనిపెట్టి గవరయ్య ఓ పక్క, మిగతా తాళ్ళవాళ్ళు మరో పక్క ఎవరి పెరట్లో వాళ్ళు రాటలు పాతుకున్నారు. ఊరు ఊరంతా దొడ్డిగోడల వెనక వెనక్కి వాలి లాగుతుంటే, నాగులపేట ఒక అడుగు పడమటికి జరిగిందని గవరయ్య ఇప్పటికీ ఒట్టేస్తాడు.

తొలేళ్ళ రోజు రానే వచ్చింది. పొద్దున్నే కమిషనర్ గారు ఫోటోగ్రాఫరుతో సహా సన్యాసి ఇంటి ముందు దిగారు. పైవారికి పంపడానికి ఫోటో కావాలి. తొలి కేసు తాడు ముందు నిలబడి, పరీక్షకు ప్రజలు భయపడరాదని చాటేందుకు తమ వేలే స్వయంగా చాపారు.

"పొడవండి సిస్టర్. నాయకత్వం అంటే ఇదే."

సిస్టరు పొడిచింది. మిషను చూసింది. మిషన్ని చీరచెంగుతో తుడిచి మళ్ళీ చూసింది.

జోగారావు సిస్టరు భుజం మీంచి తొంగిచూసి, అలవాటు కొద్దీ, "పాజిటివ్," అనేశాడు. అలవాటు కొద్దీ జీపులోంచి తాడు తీశాడు. మైకు ఆటోవాడు అలవాటు కొద్దీ, "పట్టణ ప్రజలారా, కమిషనర్ గారిలో షుగరు ఉన్నట్టు నిర్ధారణ అయినది," అని అందుకున్నాడు.

"జోగారావు గారూ, ఆ తాడు కింద పెట్టండి," అన్నారు కమిషనర్ గారు.

తాడు లోపలినుంచి సన్యాసి చేతులు కట్టుకుని, నిజంగానే జాలితో అడిగాడు. "బాబూ, తమరెవరి కాడ అంటించుకున్నారండి?"

కమిషనర్ గారు గుర్తుచేసుకోబోయారు. ఎవరి దగ్గర? ఆయన రోజంతా కూర్చునేది సమీక్షల్లో. జిల్లాలో సమీక్ష, ఆపైన సమీక్ష, ప్రతిచోటా జీడిపప్పు, మిఠాయి, టీ. ఆ లెక్కన విచారణ మొదలెడితే తాడు పట్టుకుని ఎంత పైకి ఎక్కాల్సి వస్తుందో. గొంతు సవరించుకున్నారు.

"విచారణ ఎప్పుడూ కిందికే జరగాలి. పైకి జరగరాదు. ఇది మౌలిక సూత్రం. ఇక రెండో విషయం. ఈ పట్టణంలో పరీక్షలు చేయని కాలంలో ఎన్ని కేసులుండేవి?"

"ఒక్కటీ లేదు సార్," అన్నాడు జోగారావు.

"పరీక్షలు మొదలైన తర్వాత?"

"ఊరంతా సార్."

"అయితే వ్యాధి మూలం ఏమిటి?"

జోగారావు చూపు సిస్టరు చేతిలోని మిషను మీద పడింది. నలుగురు మనుషులు గౌన్లు తొడుక్కొచ్చారు. దానికి ముందు మందు చల్లి, మూతికి గుడ్డ కట్టి, షెడ్డులో జీడిమిషను పక్కన కూర్చోబెట్టారు. "సార్, అది ఆస్పత్రిదండి," అని సిస్టరు జీపు వెనక కొంతదూరం వెళ్ళింది. నడక నిషేధం గుర్తుచేసి వెనక్కి పంపారు.

నాగులపేట వ్యాధిరహిత పట్టణమైనట్టు ఆ పూటే మైకులో చెప్పారు. తాళ్ళన్నీ ఊడదీశారు. అమ్మవారి పందిరికి తాళ్ళు చాల్లేదని జాతర పెద్దలు అడిగితే, రంగురంగులవి బోలెడు ఇచ్చారు.

తాడు ఊడగానే సన్యాసి రాటని భుజానికెత్తుకుని గుడికి పరిగెత్తాడు. పరిగెత్తాక గుర్తొచ్చింది, తను పరిగెత్తి చాలా ఏళ్ళయిందని. అప్పటికే నూడుల్స్ బండివాడు ఆ జాగాలో పొయ్యి దించుతున్నాడు. చెమటలు కక్కుతూ రాటతో వస్తున్న సన్యాసిని చూసి, "ఆరోగ్యమెలాగున్నాదన్నా?" అన్నాడు.

"పక్కకి తప్పుకో తమ్ముడూ. ఆగడం ఇంకా నేర్సుకోలేదు నాను."

బండివాడు తప్పుకున్నాడు. రాట దిగింది. ఆ సాయంత్రం డప్పుల మధ్య సన్యాసి లాగిన తొలి జీడి, జనం తల పక్కకి వంచి చూడాల్సినంత పొడుగు సాగి, బంగారంలా మెరుస్తూ అసిరితల్లి పళ్ళెంలోకి వెళ్ళింది.

జాతరయ్యాక మున్సిపాలిటీ సన్మానసభ పెట్టుకుంది. సన్యాసి కొట్టుకి లడ్డూలు పురమాయించారు. లడ్డూలు దించుతుంటే జోగారావు పక్కకి పిలిచాడు. "వ్యాధి లేదు గనక నీ జీడిమిషను తీసుకెళ్ళిపోవచ్చు."

నడుం నొప్పితో వంకరగా నిలబడ్డ సన్యాసికి ఆ మాట చెవిలో తేనె పోసినట్టయింది. ఆ స్టూలు, ఆ ముక్కలు, ఆ అనుమానాలు అన్నీ గుర్తొచ్చాయి. నోరు తెరవబోయాడు. వెనకనుంచి పైడమ్మ దగ్గింది.

"అందులో రోగమున్నాదని తమరే సెప్పినారు గదండి," అన్నాడు సన్యాసి నిట్టూర్చి. "గవర్మెంటోరి కాడే జాగర్తగా ఉంటాది."

ఆయనకి షుగరు ఎంత తగ్గిందో ఎవరికీ తెలీదు. సిస్టరుని అడిగితే, "మిషను షెడ్డులో ఉంది. అడిగితే ఈ ఊళ్ళో అసలు షుగరే లేదు, మిషనెందుకంటున్నారు. మాత్ర మానకన్నా. కొత్త మిషనొచ్చాక చూద్దాం," అంది.

ఒకరోజు మధ్యాహ్నం పెద్ద వాన పట్టింది. సన్యాసి కొట్టు గుమ్మంలో నిలబడి వీధి చూస్తున్నాడు. ఎప్పుడూ వచ్చే కుక్కపిల్ల పరిగెత్తుకుంటూ వచ్చి, పాత అలవాటు కొద్దీ ఆయన పొట్ట కిందకి దూరింది. కాసేపటికి దానికేదో తేడా అనిపించింది. వెనక్కి తిరిగి చూసుకుని, తల పైకెత్తి సన్యాసి మొహంలోకి అదోలా చూసింది.

తోకవైపు సగం తడిసిపోయింది.

"ఒలే పైడీ," అని సన్యాసి కొట్లోకి కేకేశాడు. "పాకం ఎక్కించు. సగం మిగిలున్నాను."